తెలిసినవాడి బేరం



ఒక వస్తువు విలువ మీకు తెలుసు. అమ్మేవారికి తెలియదు. వారు వంద రూపాయలు అడిగారు. దాని విలువ వేలల్లో ఉంటుందని మీరు ఎరుగుదురు. మీరు మారుమాట లేకుండా వంద కాగితం చేతిలో పెట్టి, ఆ వస్తువు సంచిలో వేసుకొని ఇంటికి వచ్చారు. మీరు చేసింది బేరమా, దొంగతనమా? మీరు అబద్ధం చెప్పలేదు. తూకంలో మోసం చెయ్యలేదు. అడిగినంతా ఇచ్చారు. అయినా మనసులో ఎక్కడో ఒక ముల్లు గుచ్చుకుంటుంది. ఈ వారం ఆ ముల్లు గురించి ఆలోచిద్దాం. పాత వస్తువులు పోగుచేసే సరదా ఉన్న ప్రతి ఇంట్లోనూ ఏదో ఒకనాడు ఎదురయ్యే ప్రశ్న ఇది. ఆ సరదా లేని ఇంట్లో కూడా వేరే రూపంలో ఎదురవుతుంది.

పిల్లల సరదాతోనే మొదలుపెడదాం. మన బందరు, గుడివాడ, అవనిగడ్డ ప్రాంతాలనుంచి ఎందరో కెనడా, అమెరికా దేశాలకు వెళ్లి స్థిరపడ్డారు. వారి పిల్లలు సెలవులకు తాతగారింటికి వస్తారు. పగలు మంగినపూడి తీరంలో ఆడుకొని, సాయంత్రం ఇంటికి రాగానే సంచిలోనుంచి ఒక ఆల్బమ్ తీస్తారు. అందులో ప్లాస్టిక్ తొడుగుల్లో పేకముక్కలంత అట్టలు ఉంటాయి. ప్రతి అట్టమీదా ఒక ఆటగాడి బొమ్మ, వెనకవైపు అతని ఆటల లెక్కలు. "ఇవి హాకీ కార్డులు, తాతయ్యా" అంటారు. మన ధ్యాన్‌చంద్ ఆడిన హాకీ కాదు. మంచుగడ్డమీద, అడుగున ఉక్కు పలకలున్న బూట్లు తొడుక్కొని ఆడే ఐస్ హాకీ. కెనడాలో మనకు క్రికెట్ ఎలాగో అక్కడివారికి అది అలాగ.

ఈ కార్డులు నిన్న మొన్నటివి కావు. పంతొమ్మిదో శతాబ్దం చివర సిగరెట్ కంపెనీలు మెత్తటి పెట్టెలు నలగకుండా లోపల ఒక అట్టముక్క పెట్టేవి. ఆ అట్టమీద ఆటగాళ్ల బొమ్మలు వేస్తే కొనేవారు మళ్లీ మళ్లీ అదే పెట్టె కొంటారని కనిపెట్టాయి. కెనడాలో 1910-11లో ఇంపీరియల్ టొబాకో కంపెనీ సిగరెట్లతో హాకీ ఆటగాళ్ల బొమ్మలు ఇచ్చింది. తరవాత ఆ పద్ధతి బబుల్‌గమ్‌కు పాకింది. తండ్రులకు పొగతో వచ్చిన బొమ్మ పిల్లలకు తీపితో వచ్చింది.

మనకూ ఇది కొత్త కాదు. అగ్గిపెట్టెల మీది బొమ్మలు చింపి దాచుకున్న తరం మనది. ఖాళీ సిగరెట్ పెట్టెలు ఏరి పందేలు వేసుకున్న పిల్లలు మన వీధుల్లో ఉండేవారు. 1980, 90 దశకాల్లో బిగ్ ఫన్ బబుల్‌గమ్‌తో క్రికెట్ ఆటగాళ్ల బొమ్మలు వచ్చేవి. వాటిమీద పరుగులు, వికెట్లు లెక్కగట్టి పిల్లలు జమచేసేవారు. ఆ వెనకే కుస్తీ వీరుల ట్రంప్ కార్డులు వచ్చాయి. మన అమ్మమ్మల ప్రార్థన పుస్తకాలు తెరిచి చూడండి. మొదటి దివ్యసత్ప్రసాదం నాడు ఇచ్చిన పునీతుల చిన్న పటాలు ఇప్పటికీ పేజీల మధ్య భద్రంగా ఉంటాయి. మనిషి బొమ్మలు దాచుకునే ప్రాణి.

దాచుకోవడం తప్పు కాదు. అయితే ఖర్చు ఎంత? ఇక్కడ రెండు దారులున్నాయి. ఒకటి ధనవంతుల దారి. వేన్ గ్రెట్జ్‌కీ అనే ఆటగాడికి ఐస్ హాకీలో సాటి లేదంటారు. అతని మొదటి కార్డును కెనడాలోని ఓపీచీ అనే బబుల్‌గమ్ కంపెనీ 1979లో అచ్చువేసింది. పిల్లలు చిల్లర పైసలతో కొన్న పొట్లంలో వచ్చిన బొమ్మ అది. అందులో ఏ లోపమూ లేని కార్డు ఒకటి 2021లో 37 లక్షల 50 వేల డాలర్లకు అమ్ముడయింది. మన లెక్కలో 27 కోట్ల రూపాయలు! ఎందుకంత? ఆ కంపెనీ అచ్చువేసిన అట్టలను తీగతో కోసేది. అంచులు పీచులు పీచులుగా వచ్చేవి. కనుక మూలలు చెదరక, అంచులు నునుపుగా, బొమ్మ సరిగ్గా నడిమధ్యన ఉన్న కార్డులు అతి తక్కువ. కార్డులను పరీక్షించి ఒకటినుంచి పదివరకు మార్కులు వేసే సంస్థలున్నాయి. పదికి పది వచ్చిన కార్డుకు కోట్లు. అదే సంవత్సరం, అదే కంపెనీ, అదే ఆటగాడు, కానీ మూలలు నలిగి, మధ్యలో మడత పడితే ధర ఎన్నో వందల వంతులు తగ్గిపోతుంది. అంటే ఆ కోట్లన్నీ ఆటగాడి ముఖానికి కాదు, అట్ట అంచులకు!

రెండో దారి మధ్యతరగతివారిది. వారు మూల నలిగిన కార్డు కొంటారు. పేరున్న ఆటగాడి మొదటి కార్డు అందకపోతే నాలుగో ఏడాది కార్డు కొంటారు. తమ దగ్గర రెండున్నవి ఇచ్చి లేనివి తెచ్చుకుంటారు. ఇది మన దేశంలోనూ సాధ్యమే. మన హాకీ జట్టు 1966లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో గెలిచినప్పుడు తపాలా శాఖ 15 పైసల స్టాంపు వేసింది. 1980లో ధ్యాన్‌చంద్ బొమ్మతో 35 పైసల స్టాంపు వచ్చింది. 1996లో నలుగురు క్రికెట్ వీరుల స్టాంపులు వేస్తే అందులో మన తెలుగువాడు సి.కె. నాయుడు ఉన్నాడు. 1932లో భారత జట్టు తొలి టెస్టుకు నాయకుడు ఆయనే. ఇలాంటి స్టాంపులు కొనడానికి పొలం అమ్మనక్కరలేదు. కొద్దిపాటి డబ్బుతో సేకరించేవాడికి ఓర్పు అలవడుతుంది. ఉన్న డబ్బుకు ఏది కొనాలో ఎంచుకోవడం తెలుస్తుంది. మూల నలిగినదైనా ఇది నాది అనే తృప్తి తెలుస్తుంది. పిల్లలకు ఇవి చిన్న పాఠాలు కావు.

అయితే ఈ రెండో దారిలోనే మన ప్రశ్న పొంచి ఉంది. డబ్బు తక్కువున్నవాడికి తెలివే పెట్టుబడి. ఎక్కడ చవకగా దొరుకుతుందా అని అతని కళ్లు వెతుకుతాయి. చవకగా దొరకడమంటే చాలాసార్లు, అమ్మేవాడికి దాని సంగతి తెలియకపోవడమే. "ఎవరికీ తెలియని చోట పట్టాను, కారుచవకగా కొట్టేశాను" అని సేకరించేవాళ్లు మురిసిపోతూ చెప్పుకుంటారు. ఆ 'కొట్టేశాను' అన్న మాట గమనించండి. మన భాషే మనల్ని పట్టి ఇస్తున్నది.

అమెరికాలో ఈ ప్రశ్న ఒకసారి కోర్టుదాకా వెళ్లింది. 1990లో షికాగో నగరానికి దగ్గరలో ఒక కార్డుల దుకాణానికి పన్నెండేళ్ల బాలుడు వెళ్లాడు. అక్కడ నోలన్ రయన్ అనే బేస్‌బాల్ ఆటగాడి 1968 నాటి కార్డు ఉంది. దాని చీటీమీద 1200 అని రాసి ఉంది. కౌంటర్లో ఉన్న గుమాస్తాకు కార్డుల సంగతి తెలియదు. అది 12 డాలర్లనుకొని ఇచ్చేసింది. ఆనాటి మారకంలో 21 వేల రూపాయల కార్డు సుమారు 210 రూపాయలకు పోయింది. యజమాని కార్డు తిరిగి ఇమ్మన్నాడు. బాలుడి కుటుంబం ఇవ్వమన్నది. అమెరికా అంతా రెండుగా చీలి వాదించుకున్నది. కొనడం కొనడమే అని కొందరు, పొరపాటు పొరపాటే అని కొందరు. చివరికి 1991లో తీర్పు రాకముందే ఇరుపక్షాలూ రాజీపడ్డాయి. ఆ కార్డును వేలం వేసి, వచ్చిన సొమ్మును ధర్మకార్యాలకు ఇచ్చారు.

ఆ బాలుడి మనసులో ఏముందో మనం తీర్పు చెప్పనక్కరలేదు. కానీ కేసు మనకు ఒక సంగతి నేర్పుతుంది. ఆర్టీసీ బస్సులో మీరు వంద కాగితం ఇచ్చారు. కండక్టరు హడావిడిలో అయిదువందల కాగితం అనుకొని చిల్లర ఇచ్చాడు. మీరేం చేస్తారు? సాయంత్రం డిపోలో లెక్క తక్కువైతే ఆ సొమ్ము అతని జేబులోనుంచే కట్టాలని మీకు తెలుసు. తిరిగి ఇచ్చేస్తారు. ఇవ్వనివాడు కూడా ఇవ్వాల్సిందని లోపల ఒప్పుకుంటాడు. 1200ను 12 అని చదవడం కూడా అలాంటిదే. అది అమ్మేవారు పెట్టిన ధర కాదు, కన్ను చేసిన పొరపాటు. తెలిసి దాన్ని వాడుకోవడం చిల్లర మింగెయ్యడంతో సమానం. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు.

అసలు చిక్కు ఇకముందు ఉంది. పొరపాటు చదవడం కాదు, అమ్మేవారికి తమ వస్తువు ఏమిటో అసలే తెలియకపోతే? బందరులో ఒక మామ్మగారు ఉన్నారనుకోండి. భర్త పోయి పదేళ్లయింది. ట్రంకుపెట్టెలో ఆయన కుర్రతనంలో అతికించుకున్న స్టాంపుల పుస్తకం ఉంది. ఇల్లు ఖాళీ చేస్తూ, "వంద రూపాయలిచ్చి తీసుకుపో బాబూ" అన్నారు. మీరు పేజీలు తిప్పారు. 1948 ఆగస్టు 15న గాంధీగారి బొమ్మతో వెలువడిన పది రూపాయల స్టాంపు, వాడనిది, మచ్చ లేనిది, అందులో కనిపించింది. సేకరించేవారిలో దాని విలువ తెలియనివారు లేరు. మీ గుండె దడదడలాడింది. ఇప్పుడు మీ నోరు ఏం చెయ్యాలి?

పదమూడో శతాబ్దంలో పునీత తోమాసు అక్వినాసు తన దైవశాస్త్ర సంగ్రహంలో ఈ ప్రశ్ననే విచారించారు. అమ్మకంలో, కొనుగోలులో జరిగే మోసాల గురించి అందులో ఒక అధ్యాయమే ఉంది. ఆయన ఇచ్చిన ఉదాహరణ మన ఊరివారికి చక్కగా అర్థమవుతుంది. ఒకడు తన దగ్గరున్నది ఇత్తడి అనుకొని బంగారాన్ని అమ్ముతున్నాడు. అమ్మేవాడిది పాపం కాదు, అతనికి తెలియదు. కానీ కొనేవాడికి తెలిస్తే ఆ కొనుగోలు అన్యాయం, అతను ఆ తేడాను తిరిగి ఇచ్చి తీరాలి అన్నారాయన. బందరు పక్కన చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ నగలకు పేరుపడింది కదా. అక్కడ ఇత్తడికి, రాగికి బంగారు పూత పూసి, రోల్డ్‌గోల్డ్ అని చెప్పి అమ్ముతారు. అందులో మోసం లేదు. చెప్పి అమ్మింది నిజాయితీ వృత్తి. దాన్నే మేలిమి బంగారమని చెప్పి అమ్మితే మోసం. ఇది చిన్నపిల్లలకూ తెలుసు. తోమాసుగారు చెప్పేది దాని రెండో వైపు. రోల్డ్‌గోల్డ్ గాజుల కుప్పలో ఒకటి నిజమైన బంగారు గాజు కలిసిపోయింది. అమ్మే అమ్మాయికి తెలియలేదు. మీకు తెలిసింది. రోల్డ్‌గోల్డ్ ధరకే తీసుకుపోతే, ఇత్తడిని బంగారమని అమ్మినవాడికీ మీకూ ఎంత దూరం? అతను మాటతో మోసం చేశాడు, మీరు మౌనంతో చేశారు. అంతే తేడా.

దీనికి సేకరించేవాళ్లు మూడు అభ్యంతరాలు చెబుతారు. మూడింటిలోనూ కొంత న్యాయం ఉంది. కనుక తోసిపారేయకుండా విందాం.

మొదటిది. "నేను పదేళ్లు శ్రమపడి నేర్చుకున్న తెలివి ఇది. ఏ స్టాంపు ఎప్పటిదో, ఏ కార్డు ఎక్కడిదో చెప్పగలగడానికి నిద్రలు చెడగొట్టుకున్నాను. ఆ తెలివికి ప్రతిఫలం వద్దా?" కావాలి. శ్రమకు కూలి న్యాయం. వీధుల్లో సైకిలు మీద తిరిగి పాతసామాన్లు కొనేవాడు పదికి కొని పదిహేనుకు అమ్ముతాడు. ఆ అయిదు అతని కాళ్ల కష్టం. ఎవరూ తప్పు పట్టరు. అయితే కూలి అంటే ఎదుటివారికి చెప్పి తీసుకునేది. "మామ్మగారూ, ఇందులో ఒక స్టాంపు చాలా విలువైనదండీ. నేను అమ్మిపెడతాను, నాకింత ఇవ్వండి" అనవచ్చు. "నా దగ్గర అంత డబ్బు లేదు, నెలనెలా ఇస్తాను" అనవచ్చు. ఆమె సంతోషించి దాన్ని మీకే ఇచ్చెయ్యనూ వచ్చు. అప్పుడది కానుక. తెలియనివ్వకుండా పట్టుకుపోయింది మాత్రం కూలి కాదు.

రెండోది. "వ్యాపారమంటేనే ఒకరికి తెలిసింది మరొకరికి తెలియకపోవడం. రేపు మినుముల ధర పెరుగుతుందని ఊహించి ఈ రోజు రైతు దగ్గర కొన్నవాడు పాపం చేశాడా?" ఈ అభ్యంతరం గట్టిది. తోమాసుగారు కూడా దీన్ని ఎదుర్కొన్నారు. కరువున్న ఊరికి గోధుమలు తెచ్చిన వర్తకుడి ఉదాహరణ తీసుకున్నారు. వెనక మరికొందరు సరుకు తెస్తున్నారని అతనికి తెలుసు, ఊరివారికి తెలియదు. ఆ సంగతి చెప్పి తీరాలా? న్యాయం ప్రకారం చెప్పనక్కరలేదు, చెబితే అది మరింత సద్గుణం అని ఆయన తేల్చారు. బంగారం విషయంలో అంత కఠినంగా ఉన్నవారు ఇక్కడ ఎందుకు మెత్తబడ్డారు? రేపటి ధర ఇంకా పుట్టలేదు కనుక. అది ఊహ. ఊహ తప్పితే నష్టపోయేది కొన్నవాడే. కానీ చేతిలో ఉన్నది బంగారమా ఇత్తడా అన్నది ఊహ కాదు, ఆ వస్తువు స్వభావం. అది ఇప్పుడే, ఇక్కడే నిజం.

ఈ తేడాను కార్డులకు, స్టాంపులకు అన్వయించి చూడండి. "కార్డు బంగారం కాదు గదా, నలుగురు మోజుపడితేనే దానికి విలువ. మోజు తీరితే అట్టముక్క" అనవచ్చు. నిజమే. వచ్చే ఏడాది దాని ధర ఎంతకు పోతుందో ఎవరూ చెప్పలేరు. ఆ ఊహ మీ సొంతం, దాచుకోండి. కానీ ఇది ఫలానా సంవత్సరపు కార్డు, ఫలానా ఆటగాడి మొట్టమొదటిది, ఈ రోజు నలుగురు కొనేవారున్నారు అన్నది ఊహ కాదు. అది మీ చేతిలోని వస్తువు ఏమిటో చెప్పే నిజం. దాన్ని దాచకూడదు. వస్తువు ఏమిటో చెప్పండి. రేపటి ధర మీ లెక్కకు వదిలెయ్యండి. ఇంత చెబితే గీత ఎక్కడుందో దాదాపుగా తెలిసిపోతుంది.

ఇక్కడ అమ్మేవారు ఎవరన్నది కూడా చూడాలి. విజయవాడ లెనిన్ సెంటరులో పాత పుస్తకాలు అమ్మేవారిని చూడండి. వారు బస్తాల లెక్కన కొంటారు, అట్ట చూసి ధర చెబుతారు. ప్రతి పుస్తకం చరిత్ర వెతకడానికి వారికి తీరిక లేదు. ఒకదానిలో పోయినది మరొకదానిలో వస్తుందని వారికి తెలుసు. అది వారు తెలిసి ఎంచుకున్న వ్యాపార పద్ధతి. వారు చెప్పిన ధరకు ఒక మంచి పుస్తకం మీకు దొరికితే నిశ్చింతగా ఆనందించండి. మామ్మగారు వ్యాపారంలో లేరు. ఆమె మిమ్మల్ని నమ్మి పెట్టె తెరిచారు. ఆమెకు రెండో బస్తా లేదు. ఆపదలో ఉన్నవారి సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెనను చూసిన పెద్దలు ఇంకా మన మధ్య ఉన్నారు. అలాంటి రోజున బిడ్డల ఆకలి తీర్చడానికి మిగిలిన ఒక్క ఇత్తడి బిందె అమ్మజూపే తల్లితో బేరమాడేవాడిని ఏమంటామో వారినే అడగండి.

మూడో అభ్యంతరం మన గుడిలో కూర్చునేవారే చెబుతారు. "స్వామీ, సువిశేషంలో ఒకడు పొలంలో దాగిన నిధిని కనుగొని, ఎవరికీ చెప్పకుండా, ఉన్నదంతా అమ్మి ఆ పొలం కొన్నాడు గదా! ప్రభువే అతన్ని మెచ్చుకున్నాడు గదా!" ఈ ప్రశ్న వేసినవారు సువిశేషాన్ని శ్రద్ధగా చదివినవారే. ప్రభువు అక్కడ మెచ్చినది ఏమిటో చూడాలి. అతను దాచడాన్ని కాదు, ఉన్నదంతా సంతోషంగా వదులుకోవడాన్ని. దేవుని రాజ్యానికి అంత విలువ ఇవ్వమని చెప్పడమే ఆ ఉపమానం పని. పొలం కొనే పద్ధతి నేర్పడం దాని పని కాదు. దొంగ రాత్రిపూట వచ్చినట్టు ప్రభువు వస్తాడని అన్నచోట దొంగతనాన్ని మెచ్చుకున్నట్టు కాదు గదా. ఇక మన దేశపు చట్టం సంగతంటారా, భూమిలో దాగిన నిధి దొరికి, దాని విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు తెలియజెయ్యాలని 1878లోనే రాసిపెట్టారు.

ఇంతవరకు కొనేవారి సంగతి చూశాం. అమ్మేవారికీ ఇదే ధర్మం. కార్డుల లోకంలో అన్నిటికన్నా పేరుపొందినది హోనస్ వాగ్నర్ అనే బేస్‌బాల్ ఆటగాడి సిగరెట్ కార్డు. 1909లో అచ్చవడం మొదలయింది, తొందరలోనే ఆగిపోయింది. అందుకే చాలా అరుదు. వాటిలో కెల్లా అందమైన కార్డును 1991లో పైన చెప్పిన గ్రెట్జ్‌కీ, మరొకరితో కలిసి, 4 లక్షల 51 వేల డాలర్లకు వేలంలో కొన్నాడు. అది చేతులు మారుతూ 2007లో 28 లక్షల డాలర్లకు చేరింది. అంచులు కత్తిరించినట్టు పదునుగా ఉన్నాయని అందరూ మెచ్చుకునేవారు. నిజంగానే కత్తిరించినవి! అంతకుముందు దాన్ని అమ్మిన ఒక వ్యాపారి తానే అంచులు కత్తిరించానని 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు. ఇన్నేళ్లూ ఒక్క కత్తెర వేటును దాచడంమీద లక్షల డాలర్లు నడిచాయి.

అదే కార్డు మరొక ప్రతి కథ వినండి. అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో స్కూల్ సిస్టర్స్ ఆఫ్ నోటర్‌డామ్ అనే మఠకన్యల సభ ఉంది. వారిలో ఒకరి సోదరుడు 1936నుంచి తన దగ్గర భద్రపరచుకున్న వాగ్నర్ కార్డును చనిపోతూ ఆ సభకు రాసిచ్చాడు. ఆ కార్డుకు మూడువైపుల అంచులు తెగిపోయాయి. పైన ప్లాస్టిక్ అతికించి ఉంది. సేకరించేవారి కళ్లకు అది పాడైపోయిన కార్డు. సిస్టర్లు ఏ లోపాన్నీ దాచలేదు, ఉన్నది ఉన్నట్టు చూపించారు. 2010 నవంబరులో వేలం వేస్తే 2 లక్షల 62 వేల డాలర్లు పలికింది. ఆ సొమ్ము ప్రపంచమంతటా పేదల మధ్య వారు చేసే సేవకు వెళ్లింది. ఒంటికన్ను గుర్రాన్ని అమ్మేవాడు ఆ కన్ను సంగతి నోటితో చెప్పకపోయినా కొనేవాడికి కనిపిస్తుంది, ధర తగ్గిస్తే చాలు. లోపల దాగిన జబ్బును మాత్రం చెప్పి తీరాలి అన్నారు తోమాసుగారు. తెగిన అంచులు ఒంటికన్ను లాంటివి. దాచిన కత్తెర వేటు లోపలి జబ్బు.

తల్లిదండ్రులారా, ఇప్పుడు మీతో ఒక మాట. వీధిలో పిల్లలు కార్డులు మార్చుకుంటుంటారు. మీ పన్నెండేళ్ల కొడుకు పక్కింటి ఏడేళ్ల పిల్లవాడికి మెరుపు కాగితమున్న నాలుగు పనికిరాని కార్డులు ఇచ్చి, వాడి దగ్గరున్న ఒక్క మంచి కార్డు తెచ్చుకున్నాడు. ఇంటికి వచ్చి గొప్పగా చెప్పాడు. మీరు నవ్వి, "మావాడు భలే తెలివైనవాడు, ఎక్కడైనా బతికేస్తాడు" అన్నారు. ఆ ఒక్క మాటతో వాడికి ఒక పాఠం అందింది. తెలియనివాడు తెలిసినవాడికి ఆహారం అని. వాడు పెద్దవాడై భూముల వ్యాపారి కావచ్చు, వైద్యుడు కావచ్చు, బ్యాంకులో అధికారి కావచ్చు. ప్రతిచోటా వాడికి తెలిసింది ఎదుటివారికి తెలియదు. కౌలురైతుకు కాగితంలో ఏముందో తెలియదు. రోగికి పరీక్ష ఎందుకో తెలియదు. ఆనాడు కార్డుతో నేర్చిన పాఠాన్ని వాడు మరిచిపోడు. మనం ముసలివాళ్లమై, సెల్‌ఫోను నొక్కడం తెలియక, సంతకం ఎక్కడ పెట్టాలో వాణ్నే అడిగే రోజు వస్తుంది. అప్పుడు ఆ మామ్మగారి చోట మనమే కూర్చుని ఉంటాం.

కనుక పిల్లవాణ్ని కొట్టకండి, తిట్టకండి. వాణ్ని కూర్చోబెట్టి ఒక్క ప్రశ్న వెయ్యండి: "నువ్విచ్చిన కార్డులకు ఏ విలువా లేదని రేపు ఆ పిల్లవాడికి తెలిస్తే, నీతో ఆడుకోవడానికి వస్తాడా?" వాడికి జవాబు తెలుసు. వెళ్లి న్యాయంగా మార్చుకురమ్మనండి. పెద్దలం కూడా మన బేరాలను ఇదే ప్రశ్నతో కొలుచుకోవచ్చు. నాకు తెలిసింది ఎదుటివారికి రేపు తెలిస్తే, వారి గుమ్మంముందు తల ఎత్తుకొని నడవగలనా? నడవగలిగితే ఆ చవక బేరం మీ అదృష్టం. సంతోషంగా ఆల్బమ్‌లో పెట్టుకోండి. నడవలేకపోతే అది ఇంకా వారి వస్తువే.

"ఎప్పుడో జరిగిపోయింది, ఇప్పుడేం చెయ్యను?" అని అడిగేవారు ఉంటారు. దారి ఉంది. ఇచ్చిన ధరకూ న్యాయమైన ధరకూ ఉన్న తేడాను వారికి చేర్చండి. వారు లేకపోతే వారి వారసులకు ఇవ్వండి. ఎంత వెతికినా ఎవరూ దొరకకపోతే వారి పేరున పేదలకు ఇవ్వండి. ఒక్కసారి ఇవ్వలేకపోతే కొద్దికొద్దిగా ఇవ్వండి. పాపసంకీర్తనంలో చెప్పుకొని, వస్తువును మాత్రం అలమరలో ఉంచుకుంటే లెక్క సగమే తీరుతుంది.

ఇక సరదా సంగతి. పిల్లల్ని సేకరించనివ్వండి. ఇంటి ఖర్చు, బడి ఫీజు పోగా నెలకు ఇంత అని లెక్కపెట్టి ఇవ్వండి. అప్పుచేసి, అబద్ధమాడి కొనవద్దని చెప్పండి. రెండున్నవి లేనివాడికి ఇవ్వడం నేర్పండి. మూల నలిగిన కార్డులో కూడా ఆ ఆటగాడే ఉంటాడు. దాన్ని న్యాయంగా కొన్నవాడు ఆల్బమ్ ఎవరిముందైనా తెరవగలడు, అది ఎక్కడ దొరికిందో, ఎంతకు దొరికిందో ఉన్నది ఉన్నట్టు చెప్పగలడు.